చలిజ్వరం వెనుక ఆకలిని చూసిన వైద్యుడు – సర్ రికర్డ్ క్రిస్టఫర్స్

మలేరియా అనగానే మనందరికీ ముందుగా జ్ఞాపకం వచ్చే పేరు సర్ రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన కనుగొనడం, 1902లో నోబెల్ బహుమతి అందుకోవడం తెలుగువారు గర్వంగా చెప్పుకునే విషయం. అయితే ఆరోగ్యశాఖలో, మలేరియా విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన మనవంటివారు సర్వీసు పొడుగునా చేసిన పని వేరు. ఊరూరా తిరిగాం. పిల్లల కడుపులు తడిమి బల్ల పెరిగిందేమో చూశాం. రక్తపూతలు తీశాం. గుంటల్లో, కాలువల్లో లార్వా వెదికాం. జ్వరాల లెక్క రిజిస్టరులో ఎక్కించాం. ఈ పనికి ఒక క్రమాన్ని, శాస్త్రీయమైన అర్థాన్ని ఇచ్చినవారిలో అగ్రగణ్యులు సర్ శామ్యూల్ రికర్డ్ క్రిస్టఫర్స్. మలేరియా శాస్త్రం చదివిన ప్రతివారికీ ఆయన పేరు సుపరిచితమే. కానీ ఆయన చేసిన పనుల్లోకెల్లా గొప్పదాన్ని మనం తరచుగా మరచిపోతుంటాం. 1908లో పంజాబు పల్లెలను తుడిచిపెట్టిన చలిజ్వరంపై ఆయన జరిపిన దర్యాప్తు అది. ఈ ప్రత్యేక సంచికలో ఆ మహనీయుని జీవిత విశేషాలను మిత్రులతో పంచుకోవడం నా భాగ్యంగా భావిస్తున్నాను.

విద్యాభ్యాసం, ఆఫ్రికా ప్రయాణం

క్రిస్టఫర్స్ 1873 నవంబరు 27న ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జన్మించారు. అది రేవు పట్టణం. ఆఫ్రికా నుంచి, తూర్పు దేశాల నుంచి ఓడలు వచ్చే చోటు కాబట్టి ఉష్ణదేశాల జ్వరాలు అక్కడి వైద్యులకు కొత్తవి కావు. ఆయన అక్కడే వైద్యవిద్య అభ్యసించి 1896లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి సంవత్సరమే రాస్ పరిశోధన వెలువడింది. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం రుజువైన తరువాత, దాన్ని ప్రజల మధ్య పరిశీలించడానికి లండన్‌లోని రాయల్ సొసైటీ, వలసరాజ్యాల శాఖ కలిసి ఒక మలేరియా కమిషన్‌ను నియమించాయి. అందులో యువకుడైన క్రిస్టఫర్స్‌కు స్థానం లభించింది. ఆయనతోపాటు జె. డబ్ల్యు. డబ్ల్యు. స్టీఫెన్స్ అనే వైద్యుడు ఉన్నారు. వీరిద్దరి పేర్లు ఆనాటి మలేరియా గ్రంథాలలో జంటగా కనిపిస్తాయి.

మొదట మధ్య ఆఫ్రికాలోని న్యాసాలాండ్‌లోనూ, తరువాత పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రాలియోన్, ఆక్రా, లాగోస్ ప్రాంతాలలోనూ వారు పరిశోధనలు జరిపారు. అక్కడ వారికి ఒక వింత కనిపించింది. పల్లెల్లో పెద్దవారు ఆరోగ్యంగానే తిరుగుతున్నారు గాని, పసిపిల్లల రక్తం పరీక్షిస్తే చాలామందిలో మలేరియా పరాన్నజీవులు ఉన్నాయి. ఏటేటా జ్వరం పడి బతికి బయటపడిన పిల్లలు పెద్దయ్యేసరికి ఆ జ్వరాన్ని తట్టుకునే శక్తి సంపాదించుకుంటున్నారన్నమాట. దాదాపు అదే కాలంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోచ్ కూడా తూర్పు దీవులలో ఇదే సంగతి గమనించారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పిల్లల రక్తంలో పరాన్నజీవులున్నాయి కాబట్టి తెల్లవారు స్థానికుల ఇళ్లకు దూరంగా వేరే పేటలు కట్టుకుని నివసించాలని స్టీఫెన్స్, క్రిస్టఫర్స్ సిఫారసు చేశారు. తెల్లవారి ఆరోగ్యం కాపాడడానికే తప్ప ఆ పిల్లలకు అందులో ఒరిగేదేమీ లేదు. ఆనాటి పరిపాలకుల దృష్టి అంతవరకే ఉండేది. అదే మనిషి పదేళ్లు తిరగకుండానే పంజాబు పల్లెల కూలివాని కంచంలో గింజల లెక్క అడిగే స్థితికి రావడం ఆయన జీవితంలోని ముఖ్యమైన మలుపు.

మన దేశానికి రాక

కమిషన్ పని మీద 1901లో స్టీఫెన్స్, క్రిస్టఫర్స్ భారతదేశానికి వచ్చారు. దోమలన్నీ మలేరియాను మోయవని, అనాఫిలిస్ జాతి దోమలలో కూడా అన్నీ సమానం కావని అప్పుడప్పుడే అనుమానం కలుగుతున్న రోజులవి. ఇళ్ల పక్కన మురికి గుంటల్లో లెక్కలేనన్ని పెరిగే ఒక రకం అనాఫిలిస్ మన దేశమంతటా ఉంది. దాన్నే దోషిగా అందరూ భావించేవారు. వీరు దోమలను పట్టి, ఒక్కొక్కదాన్ని కోసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. ఆ మురికి గుంటల దోమలో పరాన్నజీవి దొరకలేదు. కాలువ అంచుల్లోనూ, బావుల్లోనూ, మంచి నీటి గుంటల్లోనూ పెరిగే క్యూలిసిఫేసీస్ అనే సాదాసీదా దోమలోనూ, కొండ ప్రాంతాలలో పారే వాగుల ఒడ్డున పెరిగే మరొక రకం దోమలోనూ దొరికింది. ఆ రెండవది మనం ఫ్లూవియాటిలిస్ అని పిలిచే దోమ. మైదాన గ్రామాలలో మొదటిది, మన్యం ప్రాంతాలలో రెండవది మలేరియా వ్యాప్తికి ముఖ్య కారణమన్నది మన ఉద్యోగులందరికీ శిక్షణ తరగతులలో చెప్పిన పాఠమే. దానికి పునాది ఆనాడు పడింది.

1902లో క్రిస్టఫర్స్ ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో ఎస్. పి. జేమ్స్ అనే అధికారితో కలిసి దోమల నిర్మూలన ప్రయోగంలో పాల్గొన్నారు. గుంటలు పూడ్చారు, నీటిపై నూనె చల్లారు, కంటోన్మెంటులోకి వచ్చే సాగునీటి కాలువలను కట్టడి చేశారు. కొన్నేళ్లు శ్రమించినా జ్వరాలు ఆశించినంతగా తగ్గలేదు. తగినంత డబ్బు ఖర్చు పెట్టకుండా, పని సగంలో చేసి ఫలితం లేదనడం సరికాదని రాస్ తీవ్రంగా విమర్శించారు. ఈ వివాదం చాలా ఏళ్లు నడిచింది. ఎవరి వాదం ఎలా ఉన్నా, ఒక ఊరిలో దోమ ఉన్నంత మాత్రాన జ్వరం ఎంత తీవ్రంగా వస్తుందో చెప్పలేమని, దోమతోపాటు మనుషుల స్థితిగతులు కూడా చూడాలని క్రిస్టఫర్స్ మనసులో అప్పుడే బలపడి ఉంటుందనిపిస్తుంది.

గిండీలోనూ, తేయాకు తోటల్లోనూ

1904లో క్రిస్టఫర్స్ మద్రాసుకు వచ్చి, గిండీలో కొత్తగా ఏర్పడిన కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి అధిపతి అయ్యారు. ఆ సంస్థతో మన తెలుగు జిల్లాలకు దగ్గరి సంబంధం ఉంది. మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న సర్కారు జిల్లాలకు, రాయలసీమకు మశూచి టీకా మందు అక్కడి నుంచే వచ్చేది. గిండీలో ఉన్న కాలంలో ఆయన కాలా అజార్ జ్వరం మీద, కుక్కల రక్తంలోని పరాన్నజీవుల మీద పరిశోధనలు చేసి ప్రయోగశాల నిపుణుడిగా పేరు పొందారు.

ఆ తరువాత ప్రభుత్వం ఆయనను, సి. ఎ. బెంట్లీ అనే వైద్యుడిని ఉత్తర బెంగాలులోని డువార్స్ తేయాకు తోటలకు పంపింది. భూటాన్ కొండల అడుగున ఉన్న ఆ తోటల్లో పనిచేయడానికి ఛోటా నాగపూర్ వంటి దూర ప్రాంతాల నుంచి కూలీలను తోలుకు వచ్చేవారు. వారిలో మలేరియా, దాని వెంట మూత్రం నల్లగా పోయే ప్రమాదకరమైన జ్వరం ప్రబలాయి. ఇద్దరు వైద్యులూ దోమల సంగతి చూసి ఊరుకోలేదు. కూలీలను ఎలా చేర్చుకుంటున్నారు, ఎంత కూలి ఇస్తున్నారు, అప్పుల్లో ఎలా చిక్కుకుంటున్నారు, జబ్బు పడితే తిండి ఎలా గడుస్తుంది అన్న విషయాలన్నీ విచారించారు. జ్వరానికి కొత్తవారైన మనుషులను వేలకొద్దీ ఒకచోట చేర్చి, చాలీచాలని తిండితో పనిచేయించడమే జ్వరాన్ని మహమ్మారిగా మారుస్తోందని తేల్చారు. ఈ భావాన్ని వారు మానవ కారణం అనే పేరుతో 1909లో బొంబాయిలో జరిగిన వైద్య మహాసభలో వివరించారు.

1908 – పంజాబులో ప్రళయం

ఇంతలో పంజాబులో ఘోరం జరిగిపోయింది. 1907లో వర్షాలు సరిగా పడలేదు. పంటలు దెబ్బతిని ధాన్యం ధరలు కరవు రోజుల స్థాయికి పెరిగాయి. పంజాబు గోధుమలు రైళ్ల మీద కరాచీ రేవుకు చేరి సముద్రాలు దాటుతున్న రోజులవి. పంట పండించిన చోటే కూలివానికి గింజలు కొనే శక్తి లేకుండాపోయింది. అటువంటి సమయంలో 1908లో వానలు విపరీతంగా కురిశాయి. నదులు పొంగాయి, పల్లపు భూములన్నీ నీట మునిగాయి. సెప్టెంబరు చివరికి జ్వరాలు మొదలయ్యాయి. అక్టోబరులో అవి దావానలంలా వ్యాపించాయి.

ఏదో జరుగుతోందని ముందుగా తెలిసింది రైల్వేవారికి. లాహోరులో సిబ్బంది ఒక్కసారిగా మంచం పట్టడంతో రైళ్ల రాకపోకలు అస్తవ్యస్తమయ్యాయి. సుమారు 1,60,000 జనాభా గల అమృతసర్‌లో ఇంటిల్లిపాదీ జ్వరంతో పడిపోయిన ఇళ్లే ఎక్కువ. తినుబండారాలు అమ్మేవారు లేరు, కూలీలు దొరకలేదు, వ్యాపారాలు ఆగిపోయాయి. కొన్ని వారాల పాటు అక్కడ సంభవించిన చావులను ఏడాది లెక్కకు మార్చి చూస్తే వెయ్యిమందికి 200 మించిపోయాయి. జీలం నది ఒడ్డున ఉన్న భేరా, ఢిల్లీకి దక్షిణాన ఉన్న పల్వల్ వంటి పట్టణాలలోనూ, వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ పరిస్థితి మరీ దారుణం. ఆ శరత్కాలంలో కొద్ది నెలల్లోనే పంజాబు రాష్ట్రంలో జ్వరాల వల్ల 3 లక్షలకు పైగా జనం మరణించారు. వారిలో పసిపిల్లలే అధికం.

ఈ ఉపద్రవానికి కారణం తేల్చే బాధ్యత క్రిస్టఫర్స్ మీద పడింది. అప్పటికి ఆయన వయసు 35 సంవత్సరాలు.

చౌకీదారు పుస్తకం నుంచి రాష్ట్ర పటం వరకు

ఆయన దర్యాప్తు చేసిన తీరు మన ఉద్యోగులందరూ తెలుసుకోదగినది. అప్పట్లో పంజాబు పల్లెల్లో జనన మరణాల లెక్క చెప్పేది గ్రామ చౌకీదారు. అతడు కొద్ది రోజులకొకసారి పోలీసు ఠాణాకు వెళ్లి ఊరిలో ఎవరు పుట్టారు, ఎవరు చనిపోయారు అన్న సంగతి నమోదు చేయించేవాడు. ఏ జబ్బుతో చనిపోయారన్నది అతడు చెప్పినదే రాత. జ్వరం అన్న ఒక్క మాట కింద సన్నిపాతం, క్షయ, న్యుమోనియా, మలేరియా అన్నీ కలిసిపోయేవి. అటువంటి లెక్కలు దేనికి పనికివస్తాయని పెద్ద వైద్యులు చాలామంది వాటిని పట్టించుకునేవారు కారు.

క్రిస్టఫర్స్ వాటిని తోసిపుచ్చలేదు. జబ్బు పేరు తప్పయినా చనిపోయిన మనిషి లెక్క తప్పు కాదుగదా అన్న ఇంగితంతో ఆయన పని మొదలుపెట్టారు. మలేరియా వానల తరువాత వచ్చేది. కాబట్టి ప్రతి ఠాణాలోనూ జ్వరాలు లేని మామూలు నెలల్లో సగటున ఎన్ని చావులు నమోదవుతున్నాయో చూసి, శరత్కాలపు నెలల్లో అది ఎన్ని రెట్లు పెరిగిందో లెక్కకట్టారు. మామూలు నెలల్లో ఉండే తప్పులు జ్వరాల నెలల్లోనూ ఉంటాయి కాబట్టి ఆ నిష్పత్తి నమ్మదగినదవుతుంది. ఈ అంకెను ఠాణాల వారీగా పటం మీద గుర్తించారు.

పటం తయారయ్యేసరికి అంతవరకూ ఎవరికీ కనిపించని సంగతి కళ్లకు కట్టింది. జ్వరం రాష్ట్రమంతటా సమానంగా పడలేదు. కొన్ని చోట్ల చావులు మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగితే, వాటి చుట్టూ వలయాలుగా తీవ్రత తగ్గుతూ వెళ్లింది. నిప్పు రాజుకున్న కేంద్రాల వంటివి ఆ స్థలాలు. అవి ఎక్కువగా వరద నిలిచే పల్లపు ప్రాంతాలు.

కచేరీలో కూర్చుని అంకెలు కూడి ఊరుకోలేదు ఆయన. ఊళ్లకు వెళ్లి పిల్లలను వరుసగా నిలబెట్టి బల్ల పరీక్ష చేశారు. ఈ పరీక్ష ఆయన కనిపెట్టినది కాదు. యమునా కాలువ వెంబడి గ్రామాలలో 1840లలోనే డెంప్‌స్టర్ అనే సర్జను దానిని మొదటిసారి ప్రయోగించారు. బల్ల పెరిగిన పిల్లలు నూటికి ఎందరున్నారన్నదాన్ని బట్టి ఆ ఊరిలో మలేరియా ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. క్రిస్టఫర్స్ ఆ పరీక్షను ఒక కొలతగా తీర్చిదిద్దారు. బల్ల పెరిగిందా లేదా అన్నది మాత్రమే కాకుండా, ఎంత పెరిగిందన్నది కూడా కొలిచి రాసే పద్ధతిని తరువాతి సంవత్సరాలలో రూపొందించారు. సూక్ష్మదర్శిని లేని చోట కూడా చేతివేళ్లతో ఒక ఊరి మలేరియా చరిత్ర చదవవచ్చునని దానివల్ల తేలింది.

ఆ తరువాత ఆయన ఇంకా వెనక్కి వెళ్లారు. 1868 నుంచి 1908 వరకు 41 సంవత్సరాల మరణాల లెక్కలు, వానల లెక్కలు, ధాన్యం ధరల పట్టికలు బయటికి తీయించారు. ఏ సంవత్సరాలలో ఇటువంటి జ్వరాల ఉపద్రవం వచ్చిందో, ఆయా సంవత్సరాలలో వాన ఎంత పడిందో, గోధుమ ఏ ధర పలికిందో పక్కపక్కన పెట్టి చూశారు.

తేలిన నిజం

ఆయన నివేదిక పంజాబులో మలేరియా అనే పేరుతో 1911లో ప్రచురితమయింది. అందులో తేలినదేమిటంటే, ప్రాణాంతకమైన జ్వరాల మహమ్మారి రావడానికి రెండు కారణాలు జతపడాలి. మొదటిది అధిక వర్షం, వరద. అది లేనిదే దోమలు ఆ స్థాయిలో పెరగవు, జ్వరం వ్యాపించదు. రెండవది ధాన్యం ధరల పెరుగుదల, అంటే జనం ఆకలి. వాన బాగా పడినా ధరలు తక్కువగా ఉండి పేదవారు కడుపు నిండా తింటున్న ఏళ్లలో జ్వరాలు వచ్చాయి గాని చావులు అంతగా లేవు. కరవు మీద వరద వచ్చిన ఏళ్లలో మాత్రం పల్లెలు శ్మశానాలయ్యాయి.

దీనికి తోడు మరొక విషయం ఉంది. ఆఫ్రికాలోనూ, మన మన్యంలోనూ ఉన్నట్టు పంజాబులో ఏటేటా ఒకే స్థాయిలో మలేరియా ఉండదు. వానలు తక్కువైన వరుస సంవత్సరాలలో అది బాగా తగ్గిపోతుంది. ఆ మధ్యకాలంలో పుట్టిన పిల్లలకు ఆ జ్వరాన్ని తట్టుకునే శక్తి ఏర్పడదు. పెద్దవారిలోనూ పాత శక్తి సన్నగిల్లుతుంది. అందుకే ఉపద్రవం వచ్చినప్పుడు ముందుగా పసిపిల్లలు రాలిపోతారు. ఏజెన్సీ ప్రాంతాలకు బదిలీ అయి వెళ్లిన మైదాన ప్రాంతపు ఉద్యోగి మొదటి ఏడే మంచం పడితే, అక్కడే పుట్టి పెరిగిన గిరిజనుడు అదే దోమల మధ్య పనిచేసుకుంటూ కనిపించడం మనలో పలువురు కళ్లారా చూసినదే. ఆ గిరిజనుని శక్తి వెనుక ఎందరు పసిబిడ్డల మరణాలున్నాయో కూడా మనకు తెలుసు.

కూలివాడు సంపాదించినదంతా గింజలకే పోతుంది. ధర రెట్టింపయితే అతని ఇంట్లో తిండి సగమవుతుంది. నెలల తరబడి అర్ధాకలితో ఉన్న శరీరానికి చలిజ్వరం తగిలితే, కడుపు నిండిన మనిషి నాలుగు రోజులు పడి లేచేచోట, అతడు ఇక లేవడు. దోమ ధనికుడినీ పేదవాడినీ కూడా కుడుతుంది. జ్వరం అందరికీ వస్తుంది. చావు మాత్రం పేదవాని ఇంటనే ఎక్కువగా నిలిచింది. ఈ విషయాన్ని బ్రిటిషు ప్రభుత్వపు ఉద్యోగి అయి ఉండి, ప్రభుత్వమే అచ్చు వేసిన నివేదికలో అంకెలతో సహా రాయడం చిన్న సంగతి కాదు. ధాన్యం ధరలు ఆకాశాన్నంటుతున్నా మార్కెట్టులో జోక్యం చేసుకోరాదన్నది ఆనాటి దొరల సాధారణ వైఖరి. జ్వరానికి కారణం గాలి, నీరు, దోమ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. గోధుమ ధర కూడా ఒక కారణమంటే అది పరిపాలన మీదకే వస్తుంది.

నివేదిక ఏమయింది?

1909 అక్టోబరులో సిమ్లాలో మలేరియా మహాసభ జరిగింది. దోమల నిర్మూలన ముఖ్యమా, క్వినైన్ పంపిణీ ముఖ్యమా అన్న చర్చ అక్కడ బాగా నడిచింది. ఆ తరువాత కసౌలీలో కేంద్ర మలేరియా కార్యాలయం ఏర్పడింది. క్రిస్టఫర్స్ దానికి ఆధారమయ్యారు. పంజాబులో క్లిఫర్డ్ గిల్ అనే ఆరోగ్యాధికారి, క్రిస్టఫర్స్ చూపిన దారినే వాన, ధాన్యం ధర, పిల్లల బల్ల లెక్క, గత ఉపద్రవాల చరిత్ర కలిపి, ఏ జిల్లాలో ఆ ఏడు జ్వరాలు ప్రబలుతాయో ముందుగా చెప్పే పద్ధతి తయారుచేశారు. 1920లలో అటువంటి ముందస్తు హెచ్చరికలు వెలువడసాగాయి. 1934–35లో సింహళంలో వానలు ముఖం చాటేసి, పంటలు పోయి, మలేరియా ప్రబలి సుమారు 80,000 మంది మరణించినప్పుడు అక్కడికి వెళ్లి దర్యాప్తు చేసినది కూడా ఈ గిల్ గారే.

అయితే కాలక్రమంలో ఆకలి అనే మాట మలేరియా పుస్తకాలలో వెనుకబడిపోయింది. దోమల జాతులు, మందులు, డి.డి.టి. ముందుకు వచ్చాయి. క్రిస్టఫర్స్ స్వయంగా తన తరువాతి జీవితంలో ఎక్కువ భాగం దోమల శాస్త్రానికే వెచ్చించారు. 1911 నాటి ఆ నివేదికను మళ్లీ వెలికి తీసి, పంజాబు లెక్కలను కొత్తగా పరిశీలించినవారు కెనడాకు చెందిన షీలా జుర్‌బ్రిగ్. ఆమె 2019లో ప్రచురించిన గ్రంథంలో, 1908 తరువాత పంజాబులో మలేరియా మరణాలు బాగా తగ్గడానికి మందుల కన్నా, దోమల నిర్మూలన కన్నా, కరవు సహాయం సకాలంలో అందడం, ఆకలి తగ్గడం ముఖ్య కారణమని వాదించారు. అందరూ దీనిని పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు. కానీ వందేళ్ల తరువాత కూడా చర్చకు నిలబడిన నివేదికలు ఎన్ని ఉంటాయి?

తదుపరి సేవలు

మొదటి ప్రపంచ యుద్ధంలో క్రిస్టఫర్స్ మెసొపొటేమియాలోని బస్రాలో మలేరియా ప్రయోగశాలను నడిపారు. యుద్ధానంతరం కసౌలీలోని కేంద్ర పరిశోధన సంస్థకు డైరెక్టరు అయ్యారు. 1924లో కాలా అజార్ కమిషన్‌కు నాయకత్వం వహించి, షార్ట్, బరాడ్ అనే సహచరులతో కలిసి ఆ జబ్బును మోసేది ఒక రకం ఇసుక ఈగ అన్న దిశగా పరిశోధనను మళ్లించారు. అది 1942లో నిస్సందేహంగా రుజువయింది. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1931లో సర్ బిరుదు ఆయనను వరించాయి.

1927లో మలేరియా సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడడంలో ఆయన పాత్ర ప్రధానమైనది. అదే తరువాత మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాగా, 1963లో ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థగా, 2009లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా రూపాంతరం చెందింది. మన శిక్షణకు ఆధారమైన సంస్థ అది. మలేరియా సర్వే ఎలా చేయాలో సింటన్, కోవెల్ అనే అధికారులతో కలిసి ఆయన రాసిన చిన్న పుస్తకం క్షేత్రస్థాయి సిబ్బందికి చాలాకాలం కరదీపికగా ఉపయోగపడింది.

విశ్రాంతి ఎరుగని విశ్రాంత జీవితం

మన సంఘ సభ్యులకు ప్రత్యేకంగా నచ్చే భాగం ఇది. 1932లో, 58 ఏళ్ల వయసులో, ఆయన భారతదేశంలో ఉద్యోగ విరమణ చేశారు. మరుసటి సంవత్సరమే మన దేశపు అనాఫిలిస్ దోమలన్నిటినీ వర్ణించే బృహద్గ్రంథం వెలువరించారు. లండన్‌లో మలేరియా ఆచార్యులుగా కొన్నేళ్లు పనిచేశారు. అక్కడ కూడా విరమణ అయిన తరువాత కేంబ్రిడ్జి చేరి, ఒక ప్రయోగశాల బల్ల దగ్గర కూర్చుని ఏడిస్ ఈజిప్టై దోమ మీద పరిశోధన మొదలుపెట్టారు. పచ్చ జ్వరం, డెంగూ, చికున్‌గున్యా మోసే చారల దోమ అది. గుడ్డు దగ్గర నుంచి రెక్క వరకు ఆ దోమ గురించి తెలిసినదంతా కూర్చి 1960లో 700 పేజీలకు మించిన గ్రంథం ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు 86 సంవత్సరాలు. డెంగూ దోమ మీద పనిచేసే పరిశోధకులు ఆ పుస్తకాన్ని ప్రామాణికంగా ఎంచారు.

ఆయన 1978 ఫిబ్రవరి 19న, 104 సంవత్సరాల నిండు జీవితం గడిపి కన్నుమూశారు. రాస్ పరిశోధన వెలువడేనాటికి ఆయన యువవైద్యుడు. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం ప్రారంభం కావడం ఆయన జీవించి ఉండగానే జరిగింది. 1965 నాటికి దేశంలో మలేరియా కేసులు సుమారు లక్షకు దిగాయి. 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి. ఆ ఎత్తు, ఆ పల్లం రెండూ ఆయన జీవితకాలంలోనివే.

మనం నేర్చుకోవలసినది

క్రిస్టఫర్స్ జీవితంలో మన ఉద్యోగులు గుర్తుంచుకోవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, చౌకీదారు చెప్పిన లెక్కను ఆయన గౌరవించడం. చదువు రాని మనిషి ఠాణాకు నడిచివెళ్లి చెప్పిన చావుల లెక్క మీదనే ఆయన శాస్త్రం నిలబడింది. మనలో ఎందరో ఎండలో వానలో తిరిగి నింపిన రిజిస్టర్లు బీరువాల్లో దుమ్ము పట్టిపోయాయని బాధపడుతుంటాం. సరిగా రాసిన అంకె ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో పనికివస్తుంది. 41 ఏళ్ల నాటి పట్టికలు కూడా ఆయనకు పనికివచ్చాయి.

రెండవది, ఊరిలో జ్వరాలు ప్రబలినప్పుడు దోమను, నీటిని చూసినట్టే ఆ ఇంటి పొయ్యిని, కుండను కూడా చూడాలన్నది. డెంగూ, చికున్‌గున్యా, మలేరియా ఏటా వానల వెంట మన పల్లెలకు వస్తూనే ఉన్నాయి. ఆ సమయంలో విశ్రాంత ఉద్యోగులు తమ వీధిలో నీటి తొట్లు ఖాళీ చేయించడం, జ్వరం వచ్చినవారిని రక్తపరీక్షకు పంపడం ఎలాగూ చేస్తారు. దానితోపాటు కూలి పోగొట్టుకుని మంచం పట్టిన ఇంటికి రేషను బియ్యం అందుతున్నాయా, పిల్లలకు అంగన్‌వాడీలో తిండి దొరుకుతోందా అని కూడా ఒకసారి విచారిస్తే, అదే ఆ మహనీయునికి మనం అర్పించగల నిజమైన నివాళి.